విదేశీ ప్రయాణమా? మీ డబ్బు మీ చేతిలోనే ఉండాలి!

అమ్మాయికి నెలలు నిండుతున్నాయి, పురుడు పొయ్యడానికి అమెరికా రమ్మంది. లేదా అబ్బాయి సింగపూర్‌లో కాపురం పెట్టాడు, నాలుగు నెలలు ఉండి వెళ్ళమన్నాడు. ఇక చూడండి ఇంట్లో హడావిడి! ఆవకాయ నూనె కారకుండా కట్టించాలి, కందిపొడి కొట్టించాలి, బాలింతకి కావలసినవన్నీ సర్దాలి. సూట్‌కేసుని నాలుగుసార్లు తూకం వేసి గ్రాము గ్రాము లెక్క చూసుకుంటాం. తీరా, "చేతిలో ఎంత డబ్బు పట్టుకెళ్తున్నావు? ఎలా పట్టుకెళ్తున్నావు?" అని ఎవరైనా అడిగితే మాత్రం, "అదంతా ఆయన చూసుకుంటారు", "అక్కడ పిల్లలున్నారు కదా" అనేస్తాం.

చిక్కంతా అక్కడే ఉంది. దారిలో విమానం తప్పిపోయి పరాయి ఊళ్ళో రాత్రంతా కూర్చోవలసి వస్తే పిల్లలు పక్కన ఉండరు. డబ్బున్న సంచి ఆయన దగ్గరుండి, మీరొక వరసలో, ఆయనొక వరసలో పడితే కాఫీ తాగడానికి కూడా దారి ఉండదు. అన్నీ సవ్యంగా జరిగినా, అల్లుడి ముందు రెండు డాలర్ల కోసం చెయ్యి చాచడం ఏ తల్లికి మాత్రం ఇష్టం?

మన ఉత్తరాంధ్రకి సముద్రం దాటడం కొత్తేమీ కాదు. మన తాతల కాలంలో భీమిలి, కళింగపట్నం రేవుల నుంచి ఓడెక్కి 'రంగం' వెళ్ళిన వాళ్ళు వేలకి వేలు. రంగం అంటే బర్మాలో రంగూన్. చాలామంది మేస్త్రీల దగ్గర ముందే సొమ్ము తీసుకుని వెళ్ళేవాళ్ళు. ఆ అప్పు తీరేదాకా కూలి డబ్బు తమది కాదు. 1942లో యుద్ధం వచ్చి పడ్డప్పుడు సంపాదించుకున్నది అక్కడే వదిలేసి, కాలినడకన అడవులు దాటి వచ్చిన వాళ్ళెందరో. పరాయి దేశంలో మన సొమ్ము మన అదుపులో లేకపోతే ఏమవుతుందో వాళ్ళకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

ఇప్పుడు కాలం మారింది. విజయనగరం దగ్గర రామతీర్థం తెలుసు కదా, కొండ మీద కోదండరామస్వామి గుడి, పక్కన గురుభక్తులకొండ మీద బౌద్ధుల కట్టడాల ఆనవాళ్ళు. ఆ ఊళ్ళో స్వామికి దణ్ణం పెట్టుకుని ఒక తల్లి అమెరికాలో డాలస్‌కి బయల్దేరుతోందనుకుందాం. మనమూ ఆమె వెంట బయల్దేరి, ఎక్కడెక్కడ ఎలాంటి డబ్బు కావాలో చూద్దాం.

ముందు మీ పేరున ఒక ఖాతా

ప్రయాణానికి రెండు మూడు నెలల ముందే చెయ్యవలసిన పని ఇది. మీ పేరున బ్యాంకు ఖాతా, పాన్ కార్డు, మీ సొంత ఫోన్ నంబరు ఆ ఖాతాకి కలిపి ఉండడం. డ్వాక్రా సంఘాల్లో నెలనెలా పొదుపు కట్టి, లోను తీసుకుని, వాయిదాలు తీర్చిన ఆడవాళ్ళు మన జిల్లాల్లో ఊరూరా ఉన్నారు. అంత లెక్క తెలిసిన వాళ్ళకి ఇది పెద్ద పనేమీ కాదు.

పాన్ ఎందుకంటారా? రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం విదేశీ మారకం కొనాలంటే పాన్ ఉండి తీరాలి. ఒక్కొక్కరు ఒక ఆర్థిక సంవత్సరంలో రెండున్నర లక్షల డాలర్ల దాకా పట్టుకెళ్ళడానికో పంపించడానికో వీలుంది. మనకి అంత అవసరం రాదు గానీ, ఆ హక్కు మీ పేరున కూడా ఉందని తెలుసుకోండి. 1960ల్లో, 70ల్లో చదువులకి వెళ్ళిన పిల్లలకి చేతికిచ్చింది ఎనిమిది డాలర్లే!

డబ్బుని మూడు మూటలు కట్టండి

వంటింట్లో పోపులడబ్బా, బియ్యం డ్రమ్ము, బీరువా... ఇలా మూడు చోట్ల దాచుకోవడం మనకి అలవాటే. ఇక్కడా అదే సూత్రం. కొంత నోట్ల రూపంలో, ఎక్కువ భాగం ఫారెక్స్ కార్డులో, మరీ అవసరానికి మీ బ్యాంకు కార్డు. మూడూ ఒకే సంచిలో పెట్టొద్దు. ఒకటి పోయినా మిగతా రెండూ ఉండాలి.

మొదటి మూట: నోట్లు

విదేశీ నోట్లు ఒక ప్రయాణానికి మూడు వేల డాలర్ల దాకా కొనుక్కోవచ్చు. కానీ పిల్లల దగ్గరికి వెళ్ళే తల్లికి రెండు మూడు వందల డాలర్లు చాలు. అన్నీ వంద నోట్లు తీసుకోకండి. ఐదు, పది, ఇరవై డాలర్ల నోట్లు అడిగి తీసుకోండి. సామాను మోసినవాడికి ఇవ్వాలన్నా, చిన్న కొట్లో నీళ్ళ సీసా కొనాలన్నా అవే పనికొస్తాయి.

ఎక్కడ కొనాలి? ప్రతి బ్యాంకు శాఖలోనూ విదేశీ నోట్లు దొరకవు. ముందు మీ శాఖలో అడగండి, లేకపోతే విశాఖపట్నంలో రిజర్వు బ్యాంకు అనుమతి ఉన్న మనీ ఛేంజర్లున్నారు. పాస్‌పోర్టు, వీసా, టికెట్టు, పాన్ తీసుకెళ్ళండి. ఇద్దరు ముగ్గురి దగ్గర రేటు కనుక్కుని కొనండి. బేరమాడడం తప్పేమీ కాదు, కూరల దగ్గర ఆడమూ? యాభై వేల రూపాయలు దాటితే నగదు తీసుకోరు, ఖాతా నుంచి కట్టాలి. రసీదు తప్పకుండా తీసుకుని దాచండి. విమానాశ్రయంలో కొందాంలే అనుకుంటే అక్కడ రేటు సాధారణంగా ఎక్కువే పడుతుంది. రసీదు లేకుండా తెలిసినవాళ్ళ దగ్గర మార్చుకోవడం మాత్రం చట్టానికి విరుద్ధం, ఆ జోలికి పోవద్దు.

మన రూపాయలూ కొన్ని ఉంచుకోండి. ఇరవై అయిదు వేల దాకా వెంట తీసుకెళ్ళి తిరిగి తెచ్చుకోవచ్చు. తిరిగొచ్చినప్పుడు విశాఖలో దిగి రామతీర్థం చేరేదాకా టాక్సీకి, టిఫినుకి కావలసినవి ఉంటే చాలు.

ఇంకొక మాట. డాలరు అంటే అన్నీ ఒకటి కాదు. అమెరికా డాలరు వేరు, సింగపూర్ డాలరు వేరు, ఆస్ట్రేలియా డాలరు వేరు. ఏ దేశం వెళ్తున్నారో ఆ దేశం డబ్బే అడగండి. దుబాయ్ వెళ్ళేవాళ్ళకి ఒక సుళువుంది. అక్కడి దిర్హాము 1997 నుంచి అమెరికా డాలరుకు కట్టి ఉంది, డాలరుకి సుమారు 3.67 దిర్హాములు. డాలర్లు మార్చినప్పుడు ఎవరైనా మరీ తక్కువ ఇస్తే వెంటనే తెలిసిపోతుంది.

రెండో మూట: ఫారెక్స్ కార్డు

ఒకప్పుడు ట్రావెలర్స్ చెక్కులుండేవి. ఇప్పుడవి దాదాపు కనుమరుగైపోయాయి. వాటి స్థానంలో వచ్చిందే ఈ కార్డు. ఇక్కడే రూపాయలు కట్టి డాలర్లు నింపుకుంటాం. ఆ రోజు రేటు ఏదో అదే ఖాయం. మర్నాడు రూపాయి పడిపోయినా కార్డులో ఉన్న డాలర్లు డాలర్లే. పోతే ఆపించుకోవచ్చు. అయిపోతే ఇక్కడ మీవారో పిల్లలో బ్యాంకు ద్వారా మళ్ళీ నింపే ఏర్పాటు ఉందేమో కొనేటప్పుడే అడిగి పెట్టుకోండి.

ఏటీఎంలో తీసినప్పుడల్లా కార్డు ఇచ్చిన బ్యాంకు కొంత రుసుము తీసుకుంటుంది. అక్కడి ఏటీఎం వాళ్ళు ఇంకొంత తీసుకోవచ్చు. కాబట్టి ఇరవై ఇరవై చొప్పున పదిసార్లు తియ్యకండి, కావలసింది ఒకేసారి తియ్యండి. కొట్లో నేరుగా కార్డు గీస్తే ఈ బాధ లేదు. అలాగే డాలర్లు నింపిన కార్డుని వేరే డబ్బు నడిచే దేశంలో వాడితే మార్పిడి రుసుము అదనం.

హోటల్లో గది తీసుకున్నప్పుడు, అమెరికాలో పెట్రోలు బంకు దగ్గర కార్డు పెట్టినప్పుడు, అసలు బిల్లు కంటే ఎక్కువ సొమ్ము కొన్ని రోజులు పట్టి ఉంచుతారు. తర్వాత వదిలేస్తారు గానీ, ఈలోగా ఆ డబ్బు మీకు అందదు. అలాంటి చోట పిల్లల కార్డు వాడమనండి.

మూడో మూట: మన బ్యాంకు కార్డు

2020లో రిజర్వు బ్యాంకు ఒక నియమం పెట్టింది. కొత్తగా ఇచ్చే కార్డులు మన దేశంలో మాత్రమే పనిచేస్తాయి. విదేశంలో కావాలంటే మనమే తెరిపించుకోవాలి. ఇది తెలియక, అక్కడ గీస్తే పనిచెయ్యక తెల్లమొహం వేసేవాళ్ళు చాలామంది. బయల్దేరేముందే బ్యాంకుకి వెళ్ళిగానీ ఫోన్‌లో యాప్ ద్వారాగానీ అంతర్జాతీయ వాడకం తెరిపించండి. ఎంత దాకా ఖర్చు చెయ్యవచ్చో హద్దు కూడా పెట్టుకోవచ్చు. నాలుగంకెల పిన్ను గుర్తుందో లేదో ఇక్కడే ఏటీఎంలో ఒకసారి చూసుకోండి.

ఈ కార్డు అత్యవసరానికే ఎందుకంటే, మార్పిడికి చాలా బ్యాంకులు 2 నుంచి 3.5 శాతం దాకా తీసుకుని, దాని మీద జీఎస్టీ వేస్తాయి. లెక్క సుళువు కోసం డాలరు 90 రూపాయలనుకోండి. వంద డాలర్ల కోటు కొంటే 9,000. అందులో మూడున్నర శాతం 315. దాని మీద 18 శాతం జీఎస్టీ 56 రూపాయల 70 పైసలు. అంటే అదనంగా దాదాపు 372 రూపాయలు! ఇక క్రెడిట్ కార్డుతో ఏటీఎంలో నగదు తీస్తే రుసుముతో పాటు తీసిన రోజు నుంచే వడ్డీ మొదలు. ప్రాణం మీదికి వస్తే తప్ప తియ్యకండి.

"రూపాయల్లో కడతారా?" అంటే వద్దనండి

కొట్లో కార్డు ఇస్తే మిషను మీద కొన్నిసార్లు ప్రశ్న వస్తుంది, డాలర్లలో కడతారా, రూపాయల్లో కడతారా అని. రూపాయలని చూడగానే మనకి ప్రాణం లేచి వస్తుంది, ఆ మీట నొక్కేస్తాం. కానీ అప్పుడు మార్పిడి రేటు వేసేది మన బ్యాంకు కాదు, అక్కడి వాళ్ళు. అది మనకి సాధారణంగా నష్టమే. ఏ దేశంలో ఉంటే ఆ దేశం డబ్బులోనే కట్టండి.

అమెరికాలో వస్తువు మీద రాసిన ధర వేరు, బిల్లు వేరు. చాలా రాష్ట్రాల్లో పన్ను కౌంటరు దగ్గర కలుపుతారు. చేతిలో సరిగ్గా లెక్కపెట్టుకుని వెళ్తే చాలదు.

ఫోన్‌లో డబ్బు అక్కడ నడుస్తుందా?

ఇక్కడ కొత్తిమీర కట్టకి కూడా ఫోనుతోనే కడుతున్నాం. యూపీఐ భూటాన్‌లో 2021లో, శ్రీలంక, మారిషస్‌లలో 2024 ఫిబ్రవరిలో మొదలైంది. అదే నెలలో పారిస్ ఈఫిల్ టవర్ టికెట్లకీ వచ్చింది. నేపాల్, సింగపూర్, దుబాయ్‌లలో కూడా ఒప్పుకున్న కొట్లలో నడుస్తుంది, అన్నింట్లోనూ కాదు. అమెరికాలో మాత్రం దాన్ని నమ్ముకుని వెళ్ళొద్దు.

అంతకంటే ముఖ్యం, మన సిమ్ము. అక్కడి నంబరు తీసుకోగానే మన సిమ్ము తీసి ఏ పర్సులోనో పడేస్తాం. బ్యాంకు పంపే ఓటీపీ దానికే వస్తుంది! అది పనిచెయ్యకపోతే ఖాతాలో లక్షలున్నా అందవు. బయల్దేరేముందు రోమింగ్ పెట్టించి, తిరిగొచ్చేదాకా గడువు ఉండేలా రీఛార్జి చేయించండి. ఓటీపీ మాత్రం అడిగినవాళ్ళు ఎంత మర్యాదగా మాట్లాడినా చెప్పకండి.

నగలు, బీమా

నగలు ఎక్కువ వేసుకెళ్తుంటే, వెళ్ళేటప్పుడే విమానాశ్రయంలో కస్టమ్స్ వాళ్ళకి చూపించి ధ్రువపత్రం తీసుకోండి. లేకపోతే తిరిగొచ్చినప్పుడు మన పుట్టింటి గొలుసే అక్కడ కొన్నదేమో అని అడిగితే రుజువుండదు.

ప్రయాణపు ఆరోగ్య బీమా లేకుండా అమెరికా గడప తొక్కకండి. అక్కడ ఒక్క రోజు ఆస్పత్రి ఖర్చు ఏడాది పొదుపుని మింగేస్తుంది. బీపీ, షుగరు ఉంటే దాచకుండా రాయించి, వాటికి వర్తిస్తుందో లేదో అడిగి మరీ తీసుకోండి.

తిరిగి వచ్చాక

చిల్లర నాణేలు మనీ ఛేంజర్లు సాధారణంగా తీసుకోరు, విమానాశ్రయంలోనే ఖర్చు పెట్టెయ్యండి. మిగిలిన నోట్లు రెండు వేల డాలర్లకి లోబడి మీ దగ్గరే ఉంచుకోవచ్చు. అంతకు మించినవి 180 రోజుల్లోపు మార్చెయ్యాలి. ఒకవేళ పిల్లలు ప్రేమతో ఎక్కువే చేతిలో పెడితే, దిగేటప్పుడు నోట్లే ఐదు వేల డాలర్లు దాటినా, అన్ని రూపాల్లో కలిపి పది వేలు దాటినా కస్టమ్స్‌కి రాసి ఇవ్వాలి. కార్డులో మిగిలింది వెనక్కి తీసుకోవడం, విదేశీ వాడకం మూయించడం మరిచిపోకండి.

బయల్దేరే ముందు రోజు చూసుకోండి

* నోట్లు, ఫారెక్స్ కార్డు, బ్యాంకు కార్డు వేరు వేరు చోట్ల ఉన్నాయా?
* కార్డు పోతే చెయ్యవలసిన ఫోన్ నంబరు ఫోన్‌లోనే కాక కాగితం మీద కూడా రాశారా? పిన్ను మాత్రం ఆ కాగితం మీద రాయకూడదు.
* పాస్‌పోర్టు, వీసా, బీమా నకళ్ళు ఒకటి మీ సంచిలో, ఒకటి ఇంట్లో ఉన్నాయా?
* పిల్లల చిరునామా, ఫోన్ నంబరు కాగితం మీద రాసి ఉందా? ఫోన్ ఛార్జింగ్ అయిపోతే అదే దిక్కు.
* మందులు, కొన్ని నోట్లు చేతి సంచిలోనే ఉన్నాయా?

ఈ పనులన్నీ కలిపితే రెండు పూటలు కూడా పట్టవు. మీవారు చేసిపెడతానంటే సంతోషమే, కానీ పక్కన కూర్చుని మీరూ చూడండి, ఒకసారి మీ చేత్తో చెయ్యండి. మనవడికి మొదటి బొమ్మ మీ కార్డుతో, మీ డబ్బుతో కొనిపెట్టడంలో ఉన్న తృప్తే వేరు.