తల్లీకూతుళ్ల జంటకలము

జంటగా కావ్యము చెప్పుట తెలుగువారికి కొత్త కాదు. పదునైదవ శతాబ్దిలో నంది మల్లయ, ఘంట సింగయ కలసి ‘ప్రబోధచంద్రోదయము’ను, ‘వరాహపురాణము’ను రచించినారు. వారు మేనమామ మేనల్లుళ్లు. అంతకు ముందే ‘భాస్కర రామాయణము’ నలుగురి చేతులమీదుగా సాగినది. హుళక్కి భాస్కరుడు, ఆయన కుమారుడు మల్లికార్జున భట్టు, శిష్యుడు కుమార రుద్రదేవుడు, మిత్రుడు అయ్యలార్యుడు తలా కొంత భారము వహించినారు. తిరుపతి వేంకట కవుల సంగతి చెప్పనే అక్కరలేదు. 1920లో తిరుపతిశాస్త్రి గతించిన పిమ్మట కూడ చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి జంటపేరును విడనాడలేదు. తమ్మునివంటి మిత్రుని పేరు తన పేరుకు ముందు నిలుపుకొనియే గ్రంథములు వెలువరించినారు.

ఇట్టి స్నేహము ఏ భాషకైనను గర్వకారణమే. కాని ఈ జంటలన్నియు పురుషుల జంటలు. తండ్రీకొడుకులు కలరు, అన్నదమ్ములు కలరు, మేనమామ మేనల్లుళ్లు కలరు. తల్లీకూతుళ్లు ఈ వరుసలో కానరారు. ఇందులో విడ్డూరమేమనగా, కథ అనునది మనలో పెక్కుమందికి మొదట అందినది అమ్మ నోటనో అమ్మమ్మ నోటనో! ఏడు సముద్రముల ఆవల మర్రిచెట్టు తొర్రలో చిలుక యున్నదనియు, ఆ చిలుకలో రాక్షసుని ప్రాణమున్నదనియు మనకు చెప్పినది ఏ మహాకవి? గోరుముద్దల నడుమ ఆ తల్లియే చెప్పినది. చెప్పినది ఆమె, గ్రంథమునకెక్కినప్పుడు పేరు మాత్రము మరొకరిది.

అద్భుతకథ తెలుగున తక్కువ యేమీ కాదు. పదునారవ శతాబ్దిలో పింగళి సూరన ‘కళాపూర్ణోదయము’లో బ్రహ్మ సరస్వతికి చెప్పిన కథ భూలోకమున మనుష్యుల జీవితమై నడచుట చూపినాడు. మధిర సుబ్బన్న దీక్షితులు ‘కాశీమజిలీ కథల’లో మణిసిద్ధుని చేత గోపునికి మజిలీకొక కథ చెప్పించినారు. 1947లో వెలసిన ‘చందమామ’లో, 1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి, దాసరి సుబ్రహ్మణ్యం వ్రాసిన ధారావాహికలు తరములపాటు పిల్లలకు నిద్ర లేకుండ చేసినవి. ఆ ‘చందమామ’ ఈ శతాబ్దపు రెండవ దశకమున ఆగిపోయినది. కథలు వినవలెనను కోరిక మాత్రము ఆగలేదు.

ఈ సందర్భమున అమెరికాలోని ఒక తల్లీకూతుళ్ల వృత్తాంతము మనవారు తెలిసికొనదగినది. తల్లి పి. సి. కాస్ట్. ఓక్లహోమా రాష్ట్రమున ఉన్నత పాఠశాలలో చాలకాలము ఇంగ్లీషు ఉపాధ్యాయినిగా పనిచేసినది. కూతురు క్రిస్టిన్. వీరిద్దరి పేర్లతో 2007లో ‘మార్క్డ్’ అను నవల వెలువడినది. అది ‘హౌస్ ఆఫ్ నైట్’ అను మాలలో తొలి గ్రంథము. 2014 నాటికి ఆ మాలలో పండ్రెండు నవలలు పూర్తి అయినవి.

కథాస్థలము వేరెక్కడిదో గంధర్వలోకము కాదు, టల్సా నగరమే. అచట కొందరు బాలబాలికల నుదుట అకస్మాత్తుగా నెలవంక గుర్తు పొడసూపును. అది పడినవారు రక్తపిశాచములుగా మారవలసినవారు. ఇల్లు విడిచి, తమవారికై ఏర్పడిన పాఠశాలలో చేరవలెను. మార్పును శరీరము తట్టుకొన్న బ్రతుకుదురు, లేకున్న మరణింతురు. పదునారేండ్ల జోయీ అను బాలిక నాయిక. కన్నతల్లి ఆమెకు దూరమైనది. చెరొకీ జాతికి చెందిన అమ్మమ్మ మాత్రమే ఆమెకు అండ. లావెండరు పూలతోట పెంచుకొను ఆ ముదుసలి చెప్పు పూర్వకథలే ఆపదలలో మనుమరాలికి దారి చూపును. కౌమారమనునది శరీరమును, ఇంటిని, స్నేహములను ఒక్కసారిగా మార్చివేయు దశ గదా! దానినే రచయిత్రులు పిశాచకథగా మలచినారు.

ఈ రచనలో పనిని పంచుకొన్న తీరు గమనింపదగినది. తొలి ప్రతిని తల్లి వ్రాసెడిది. పిదప దానిని కూతురు చదివి, ఈడువారి పలుకు ఎచట తప్పినదో చూచి దిద్దెడిది. తొలి నవల వెలువడునాటికి క్రిస్టిన్ ఇరువది యేండ్లు దాటిన పిల్ల. తల్లి యువతరపు మాటను ఉపాధ్యాయుల బల్ల వెనుకనుండి విన్నది; కూతురు విద్యార్థుల బల్లమీద కూర్చుండి విన్నది. ఆ రెండు చెవులు కలసినందుననే ఆ మాటకు జీవము వచ్చినది. ఇంతలో కూతురు తల్లి నీడలో మాసిపోయినదా యన్న, లేదు. 2020లో ఆమె ‘ది కీ టు ఫియర్’ అను నవలను ఒంటిగా ప్రకటించినది. మరుసటి యేడు తల్లితో కలసి మరొక మాలకు, ‘సిస్టర్స్ ఆఫ్ సేలం’నకు, శ్రీకారము చుట్టినది. 2023లో దాని మూడవ భాగము వచ్చినది.

మరొక జంట జోడీ పికో, ఆమె కూతురు సమంతా వాన్ లీర్. వీరి ‘బిట్వీన్ ది లైన్స్’ 2012లో వెలువడినది. తల్లి అప్పటికే పేరుమోసిన నవలాకర్త్రి. అయినను తలపు కూతురిది. ఫ్రెంచి తరగతిలో కూర్చుండి ఆ బడిపిల్ల ఏదో ఊహించుకొనుచుండగా, చదివి మూసిన కథలోని పాత్రలు పుస్తకము మూసిన తరువాత ఏమి చేయునని తోచినది. పుస్తకములో చిక్కుకొన్న రాజకుమారుడు బయటికి రాగోరుట, చదువుచున్న బాలిక అతనిని విడిపింప యత్నించుట ఆ నవల కథ. ఇరువురు ప్రక్కప్రక్కన కూర్చుండి, ప్రతి వాక్యమును పైకి పలుకుచు, ఒకరి తరువాత ఒకరు టైపు చేసినారు. 2015లో దీనికి ‘ఆఫ్ ది పేజ్’ అను కొనసాగింపు వచ్చినది. ఇచట దిద్దువారు, దిద్దించుకొనువారు అను భేదమే లేదు.

ఈ రచనలలో మరొక విశేషము కలదు. కాస్ట్‌ల తొలి మాలలో నాయికకు తల్లితో పొసగదు. ఆ తల్లి కథ మధ్యలోనే హతమగును. రెండవ మాలలో కవలలైన కూతుళ్ల పదునారవ పుట్టిన దినముననే తల్లి ప్రాణములు విడుచును. తల్లీకూతుళ్లు అన్యోన్యముగా కూర్చుండి వ్రాసిన కథలలో తల్లి ఇట్లు దూరమగుట చిత్రము గదా! కాని ఆలోచించినచో ఇది సహజము. ‘నీవు లేకున్న నేనేమగుదును?’ అని కూతురు తల్లిని ఎదుటనే అడుగజాలదు. ‘నేను లేకున్నను నీవు నిలువగలవా?’ అని తల్లియు అడుగజాలదు. పిశాచములను, మంత్రగత్తెలను అడ్డుపెట్టుకొని ఆ ప్రశ్న అడుగవచ్చును. అద్భుతకథ చేయు మేలు ఇదియే.

ఇక మన యింటికి వత్తము. అనకాపల్లి జిల్లా నక్కపల్లి ప్రాంతమును చూడుడు. ప్రక్కనే ఉపమాక. అచటి గరుడాద్రి కొండ, తన స్వామిని ఎల్లవేళల మోయగోరిన గరుత్మంతుని రూపమేయని స్థలపురాణము. కొండమీది వేంకటేశ్వరుడు అశ్వారూఢుడు. పక్షి కొండ యగుట, దేవుడు గుఱ్ఱమెక్కి వేటకు వచ్చుట: ఇంతకు మించిన అద్భుతకథ టల్సాలో కలదా? తూర్పున సముద్రము, తీరమున జాలరి పల్లెలు. కొంత దూరమున వరాహనదీ తీరమున ఏటికొప్పాక. అచట తరిమెనమీద అంకుడు కొయ్య తిరుగుచుండగా లక్కను అదిమి పట్టుదురు. ఆ రాపిడి వేడికే లక్క కరగి రంగు కొయ్యను పట్టుకొనును. జంటరచనయు అట్టిదే. ఒకరి కథ కొయ్య, ఒకరి భాష లక్క. నడుమ కొంత రాపిడి తప్పదు. ఆ రాపిడి లేనిచో రంగు పట్టదు.

‘మా అమ్మకు వ్రాయుట రాదు గదా’ అని ఏ కూతురైనను అనవచ్చును. వ్రాయనేర్చుట వేరు, కథ కట్టనేర్చుట వేరు. కథను, నుడికారమును, ఆపదలో నాయిక పలుకవలసిన మాటను ఇచ్చిన తల్లి రచయిత్రియే. అక్షరము పట్టిన చేయి కూతురిదైనంత మాత్రమున ఆమె భాగము తగ్గదు. ఆమె పేరు అట్టమీద ఉండదగును. కూతురు పెండ్లియై దూరమేగిన ఏమి చేయుదుమందురా? నేడు దూరవాణి ప్రతి చేతిలో ఉన్నది. సమంత తన తలపును దూరముననున్న తల్లికి మొదట తెలిపినది దూరవాణిలోనే.

కొండ కదలదు, సముద్రము కదలదు. వానిని గూర్చి అమ్మమ్మ చెప్పు కథ మాత్రము ఆమెతోనే కదలిపోవును. బడిలో చదువుచున్న మనుమరాలికి ఉత్తరాంధ్ర పలుకుబడిలో ఆమె పలికిన ఒక్క మాట అందకపోయినచో, ఆ మాటను మరెవ్వరును కల్పింపజాలరు. కావున కూతుళ్లు ఒక సాయంకాలము నోటుపుస్తకము తెఱచి, తల్లిని ‘తరువాత ఏమైనదమ్మా?’ అని అడుగవలెను. తల్లి చెప్పినదానిలో తమకు నచ్చనిచోట వాదింపవలెను, దిద్దవలెను, దిద్దించుకొనవలెను. తెలుగు జంటకవుల వరుసలో ఖాళీగానున్న ఆ స్థానము అట్లు నిండవలసినదే.