డైవింగ్‌కి అండమాన్ వెళ్తున్నారా?

ఆఫర్ లెటర్ వచ్చేసింది, జాయినింగ్ డేట్ ఇంకా తేలలేదు. సరిగ్గా అప్పుడే వాట్సాప్ గ్రూపులో ఎవడో ఒకడు 'అండమాన్ పోదామా, స్కూబా చేద్దాం' అంటాడు. వెళ్లండి, మళ్లీ ఇంత ఖాళీ దొరకదు. కాకపోతే టికెట్లు బుక్ చేసే ముందు కొన్ని సంగతులు తెలుసుకోండి.

పోర్ట్ బ్లెయిర్‌కి (ఇప్పుడు శ్రీ విజయపురం) విమానాలే కాదు, వైజాగ్ నుంచి ఓడ కూడా ఉంది. రోజూ ఉండదు, రెండు మూడు రోజుల ప్రయాణం. అక్కణ్నుంచి ఫెర్రీలో హేవ్‌లాక్ వెళ్లాలి. 2018లో దాని పేరు స్వరాజ్ ద్వీప్ అని మార్చారు. డైవింగ్ సెంటర్లు ఎక్కువగా ఉన్నది ఇక్కడే.

ఈత రాకపోయినా ఇన్‌స్ట్రక్టర్ పట్టుకుని తిప్పే ట్రై డైవ్ చేయొచ్చు. దీనికి 12 మీటర్ల లోతు వరకే అనుమతి. ముందు ఒక మెడికల్ ఫారం ఇస్తారు. ఆస్తమా ఉంటే ఉందనే రాయండి. డబ్బులు కట్టేశాం కదా అని దాచిపెడితే ప్రమాదం మీకే.

ఇక పగడాలు. చూడ్డానికి రాళ్లలా ఉంటాయి గానీ అవి ప్రాణులు. గుండ్రటి బండల్లా పెరిగే రకాలు ఏడాదికి ఒక సెంటీమీటరు పెరిగితే గొప్ప. నా మొదటి డైవ్‌లో గోప్రోకి పోజిస్తూ కాలు ఆడించాను. ఫిన్ తగిలి ఒక కొమ్మ పుటుక్కున విరిగింది. వీడియోలో ఇప్పటికీ కనిపిస్తుంది, దానికి కంట్రోల్ జెడ్ లేదు! అందుకే మొదటి డైవ్‌కి కెమెరా వద్దు, అది ఇన్‌స్ట్రక్టర్ పని. మీ ధ్యాసంతా నీళ్లలో తేలుతూ నిలకడగా ఉండటం మీదే పెట్టండి. సముద్రం వేడెక్కి 2010లో, 2016లో ఇక్కడి పగడాలు తెల్లబడ్డాయి. వాటికి మన దెబ్బలు కూడా తోడవడం ఎందుకు? ఆక్సీబెంజోన్ ఉన్న సన్‌స్క్రీన్ పూసుకోవడం కంటే ఫుల్ హ్యాండ్స్ స్విమ్ టీషర్ట్ మేలు. హవాయిలో 2021 నుంచి అలాంటి సన్‌స్క్రీన్‌ల అమ్మకాన్నే ఆపేశారు.

ఒడ్డున పడున్న పగడం ముక్క చచ్చిందే కదా అని బ్యాగులో వేసుకోకండి. పగడాలు వన్యప్రాణి రక్షణ చట్టం కిందికి వస్తాయి, ఎయిర్‌పోర్టు స్కానింగ్‌లో దొరికితే కేసే. ఉద్యోగంలో చేరబోయే ముందు అవసరమా? జారవాలు ఉండే రోడ్డులో ఫోన్ బయటికి తీయడం కూడా అంతే.

చాలామంది పప్పులో కాలేసేది రిటర్న్ టికెట్ దగ్గర. లోతులో ఉన్నప్పుడు నత్రజని రక్తంలో కరుగుతుంది. అది బయటికి పోకముందే విమానం ఎక్కితే, పైన పీడనం తక్కువ కాబట్టి బుడగలు కడుతుంది. ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, ఎక్కువ చేస్తే 18 గంటలు ఆగాలి. నేనైతే ఒక రోజంతా వదిలేస్తా.

అక్కడే పని చేస్తే ఎలా ఉంటుందని అనిపించిందా? అయితే ఓపెన్ వాటర్ కోర్సుతో మొదలుపెట్టాలి. మూడు నాలుగు రోజులు పడుతుంది, 18 మీటర్ల దాకా అర్హత వస్తుంది. దీనికి మాత్రం 200 మీటర్లు ఈదాలి, 10 నిమిషాలు తేలాలి. ప్యాడీ పద్ధతిలో డైవ్‌మాస్టర్ శిక్షణలో చేరాలంటే 40 డైవ్‌లు, సర్టిఫికెట్ చేతికి రావాలంటే 60 ఉండాలి. ఖర్చు బాగానే అవుతుంది, కాబట్టి ముందు మీ ఊళ్లో ఏదైనా స్విమ్మింగ్ పూల్‌లో ఈత నేర్చేసుకోండి.