గోడ రంగు మనసును మారుస్తుందా?

సూరత్‌లోని లింబాయత్‌లో తెలుగు మాటలు వినిపిస్తాయి. తెలంగాణ జిల్లాల నుంచి వలస వెళ్ళిన ఎన్నో నేత కుటుంబాలు అక్కడ మరమగ్గాల మీద (వాళ్ళ మాటలో సాంచాల మీద) బతుకుతున్నాయి. పగలు పన్నెండు గంటలు ఒక షిఫ్టు, రాత్రి పన్నెండు గంటలు ఇంకొకటి. ఒకే కిటికీ ఉన్న ఇరుకు గదికి పండుగ ముందు ఏ రంగు వేయించాలి? నీలం హాయినిస్తుందనీ, ఎరుపు కోపం తెప్పిస్తుందనీ అంటారు. ఇందులో నిజమెంత?

1979లో అలెగ్జాండర్ షాస్ సూచనపై అమెరికాలోని సియాటిల్ నౌకాదళ జైలులో ఒక గదికి గులాబీ రంగు వేశారు. ఖైదీలు శాంతించారన్నారు. మరికొన్ని జైళ్ళూ ఆ రంగు పూసుకున్నాయి. కాని 2015లో ప్రచురితమైన స్విట్జర్లాండ్ జైలు అధ్యయనంలో గులాబీ గదులకూ తెల్ల గదులకూ తేడా కనిపించలేదు.

రంగు పేరు కన్నా, గోడ ఎంత కాంతిని పరావర్తనం చేస్తుందన్నది ముఖ్యం. కొత్తగా వేసిన వెల్ల నూటికి సుమారు 80 వంతుల కాంతిని తిప్పి పంపుతుంది. ఆ 80 ఎదుటి గోడకు తగిలి 64 అవుతుంది, తర్వాత 51. గది అంతా వెల్లే అనుకుని అన్నీ కూడితే 100 కాస్తా 500 అవుతుంది! 40 వంతులే పంపే ముదురు రంగుతో 167 దగ్గరే ఆగిపోతుంది. కిటికీ, నేల, సామాను కొంత మింగేస్తాయి కనుక నిజం గదిలో తేడా ఇంత ఉండదు. సున్నంలో చిటికెడు నీలిమందు కలిపితే పసుపు ఛాయ పోయి మరింత తెల్లగా తోస్తుంది గాని, నిజానికి పరావర్తనం కాస్త తగ్గుతుంది!

షేడు కార్డులో లేతగా ఉన్న రంగు గోడల మీద ముదిరిందని పెయింటరును తిట్టకండి. ఆకుపచ్చ కాంతిని 60 వంతులు, ఎరుపును 30 వంతులు పంపే గోడ మీద రెండుసార్లు తగిలాక అవి 36, 9 అవుతాయి. రెట్టింపు తేడా నాలుగు రెట్లయింది.

మరి మనసు సంగతి? ఎలుకల నేత్రపటలంలో తమంతట తామే కాంతికి స్పందించే ప్రత్యేక నాడీకణాలున్నాయని 2002లో డేవిడ్ బెర్సన్ బృందం చూపింది; మన నేత్రపటలంలోనూ అవి ఉన్నాయి. ఇవి మెదడులోని జీవగడియారానికి పగలూ రాత్రీ తెలియజేస్తాయి. పగటి వెలుగు హుషారునిస్తుంది. నిద్ర చెడితే చిరాకు పుడుతుంది.

కనుక పగలు చదువుకునే పిల్లకు తెల్ల గోడ మేలు. రాత్రంతా సాంచా నడిపి ఉదయం పడుకునే నాన్నకు అదే గోడ శత్రువు. ఇద్దరిదీ ఒకే గదైతే, గోడలు తెల్లగానే ఉంచి, మంచం చుట్టూ దళసరి నల్లని పరదా కట్టాలి. సూరత్‌లో గుడ్డకు కరువు లేదు. గాలి ఆడేలా పైన జానెడు ఖాళీ వదలాలి.