మేయరు లేని పురమందిరం

పుదుచ్చేరి సముద్రతీరాన, గూబేర్ అవెన్యూలో, బంగాళాఖాతానికి అభిముఖంగా ఒక తెల్లని భవనం నిలిచి ఉంది. ఎత్తైన స్తంభాలు, వరుసగా తీర్చిన కమానులు, ఉప్పుగాలికి ఇంకా రంగు మాయని గోడలు. వైట్ టౌన్‌కు వచ్చే యాత్రికులలో దాని ముందు ఆగి ఫొటో తీసుకోనివారు అరుదు. ఊరివారు దానిని 'మేరీ' అంటారు. ఇది ఏసుక్రీస్తు తల్లి పేరు కాదు. ఫ్రెంచి భాషలో ఆ మాటకు మేయరు కార్యాలయమని అర్థం.

1870-71లో నిర్మించిన అసలు భవనం 2014 నవంబరు 29న భారీ వర్షాలకు నానిపోయి కుప్పకూలింది. అదే నమూనాలో, ప్రపంచ బ్యాంకు ఆర్థిక సహాయంతో, సుమారు 15 కోట్ల రూపాయల వ్యయంతో దానిని మళ్ళీ కట్టారు. 2021 ఫిబ్రవరి 25న ప్రధానమంత్రి దానిని ప్రారంభించారు. గోడలు తిరిగి లేచాయి గాని, ఆ గోడల నడుమ సమావేశం కావలసిన ప్రజాప్రతినిధులు మాత్రం లేరు. 2006లో ఎన్నికైన పురపాలక సభ్యుల పదవీకాలం 2011లో ముగిసింది. 2024 సంవత్సరం ముగిసేనాటికి కూడా వారి స్థానంలో కొత్తవారు ఎన్నిక కాలేదు.

ఇది ఏ చిన్న పట్టణంలో జరిగినా విచారకరమే. పుదుచ్చేరిలో జరగడం మరింత విచిత్రం. ఒకప్పుడు ఇక్కడి పురపాలక సభ్యుల ఓటు ఒక దేశపు జెండాను దించి మరొక దేశపు జెండాను ఎగురవేసింది.

కాలువకు ఇటూ అటూ

1761లో ఆంగ్లేయులు పుదుచ్చేరిని ముట్టడించి నేలమట్టం చేశారు. తరువాత తిరిగి లేచిన పట్టణంలో సముద్రానికీ కాలువకూ నడుమ ఫ్రెంచివారి ఇళ్ళు, కాలువకు పడమట భారతీయుల ఇళ్ళు. తూర్పు భాగం 'తెల్ల పట్నం', పడమటి భాగం 'నల్ల పట్నం'. నేటి వైట్ టౌన్ ఆ తూర్పు భాగమే. డ్యూమా, సఫ్రాన్, రోమే రోలా వంటి పేర్లు గల దాని వీధులు గీత గీసినట్లు తిన్నగా సాగుతాయి.

1880 మార్చి 12న వెలువడిన ఫ్రెంచి శాసనం ఈ పట్టణానికి పురపాలక మండలిని ప్రసాదించింది. ఫ్రెంచి భారతమంతటినీ పది 'కమ్యూన్'లుగా విభజించారు. తెలుగునాట గోదావరి తీరాన ఉన్న యానాం వాటిలో ఒకటి. 1907లో కమ్యూన్ల సంఖ్య పదిహేడుకు పెరిగింది. లార్డ్ రిప్పన్ స్థానిక స్వపరిపాలన తీర్మానం వెలువడినది 1882లో. అంటే ఆ తీర్మానం కంటే రెండేళ్ళు ముందే ఫ్రెంచి భారతంలో ఈ ఏర్పాటు జరిగింది. అంతకంటే ముఖ్యమైన భేదం మరొకటి ఉంది. బ్రిటిష్ పాలనలో ఓటు పన్ను కట్టేవాడిది, ఆస్తి గలవాడిది. ఫ్రెంచి పాలనలో ఓటు వయోజన పురుషులందరిదీ.

అయితే ఇచ్చిన చేయే దానిని తూకం తప్పేలా చేసింది. 1884లో ఓటర్లను మూడు జాబితాలుగా విడదీశారు. మొదటిది ఐరోపావారిది. రెండవది తమ మతాచార నియమాలను వదులుకొని ఫ్రెంచి పౌరస్మృతిని స్వీకరించిన భారతీయులది. మూడవది మిగిలిన భారతీయ ప్రజలందరిదీ. ఒక్కొక్క జాబితాకు మూడింట ఒక వంతు స్థానాలు! కాలువకు తూర్పున ఉన్న కొద్దిమంది ఓటు, పడమటనున్న వేలమంది ఓటుతో సమంగా తూగింది. 1899లో జాబితాలు రెండుకు తగ్గినా అసమానత తొలగలేదు. ఇక పోలింగు దినాలు తరచు దొమ్మీ దినాలే. ఆ కాలపు రాజకీయాలను శాసించిన నాదు షణ్ముగ వేలాయుధ మొదలియార్ పేరు నేటికీ చరిత్రకారుల గ్రంథాలలో ఎన్నికల అలజడులతో ముడిపడి కనిపిస్తుంది.

లోపాలు ఎన్ని ఉన్నా ఒక అలవాటు మాత్రం ఏర్పడింది. మేయరును ఎన్నుకునేది సభ్యులు, సభ్యులను ఎన్నుకునేది ప్రజలు అన్న సంగతి పుదుచ్చేరి సామాన్యునికి మూడు తరాలపాటు తెలిసిన విషయమైంది.

జెండాను మార్చిన ఓట్లు

1947లో దేశానికి స్వాతంత్ర్యం వచ్చినా ఫ్రెంచి స్థావరాలు విడిగానే ఉండిపోయాయి. వాటి భవిష్యత్తును అక్కడి ప్రజలే నిర్ణయించాలని 1948 జూన్‌లో భారత, ఫ్రెంచి ప్రభుత్వాలు అంగీకారానికి వచ్చాయి. ప్రజాభిప్రాయ సేకరణ ఎప్పుడు, ఎలా జరగాలో తేల్చవలసిన బాధ్యతను పురపాలక మండళ్ళకు అప్పగించారు. దానితో ఆ అక్టోబరులో జరిగిన పురపాలక ఎన్నికలు వీధి దీపాల పరిధిని దాటి, జాతీయ ప్రాముఖ్యాన్ని సంతరించుకున్నాయి. పుదుచ్చేరిలో ఎదువార్ గూబేర్ నాయకత్వంలోని ఫ్రెంచి ఇండియా సోషలిస్టు పార్టీ, ఫ్రాన్సుతో సంబంధాన్ని కోరే పక్షంగా, ఘనవిజయం సాధించింది. బెంగాలులోని చందర్‌నగర్ మాత్రం 1949 జూన్ 19న జరిగిన ఓటింగులో 114కు ప్రతిగా 7,473 ఓట్లతో భారతదేశాన్ని వరించింది.

ఐదేళ్ళలో గాలి మారింది. 1954 మార్చి 18న పుదుచ్చేరి, దాని చుట్టుపట్ల కమ్యూన్ల మేయర్లు ప్రజాభిప్రాయ సేకరణ లేకుండానే భారతదేశంలో విలీనం కావాలని తీర్మానించారు. ఒకనాడు ఫ్రాన్సు పక్షాన నిలిచిన గూబేర్ ఈసారి విలీనవాదులలో ముందు నిలిచాడు. జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో యానాం ఫ్రెంచి పాలన నుండి బయటపడింది. జూలైలో మాహే అదే బాట పట్టింది.

చివరకు 1954 అక్టోబరు 18న కీళూరు అనే కుగ్రామంలో ప్రజాప్రతినిధులు సమావేశమయ్యారు. ప్రాతినిధ్య సభవారు, పురపాలక సభ్యులు కలిసి ఓటు వేసినవారు 178 మంది. విలీనానికి అనుకూలంగా 170, ప్రతికూలంగా 8. పక్షం రోజులు తిరగకుండా, నవంబరు 1న, పరిపాలన భారత ప్రభుత్వానికి సంక్రమించింది. 1956 మే 28న ఒప్పందం మీద సంతకాలు జరిగాయి. 1962 ఆగస్టు 16న అది చట్టరీత్యా అమలులోనికి వచ్చింది.

ఆ 178 మందిలో ఎక్కువమంది ఏ కాలువ పూడిక గురించో, ఏ వీధి మురుగు గురించో వాగ్దానం చేసి గెలిచినవారే. చరిత్ర వారి చేతికి అంతకంటే పెద్ద చీటీని అందించింది.

ముప్పై ఎనిమిదేళ్ళ విరామం

విలీనం తరువాత కొంతకాలం పాత ఒరవడి సాగింది. 1968లోనూ పురపాలక ఎన్నికలు జరిగాయి. 1973లో కొత్త పురపాలక చట్టం వచ్చి 1974 జనవరి 26న అమలులోనికి వచ్చింది. ఫ్రెంచివారి మేయరు స్థానాన్ని అధ్యక్షుడు ఆక్రమించాడు. చట్టం వచ్చింది గాని, ఆ చట్టం ప్రకారం ఎన్నిక రాలేదు. 1968 తరువాతి స్థానిక ఎన్నిక 2006లో జరిగింది. నడుమ గడిచినవి 38 సంవత్సరాలు. 1968లో పుట్టిన బిడ్డ మొదటిసారి వార్డు సభ్యునికి ఓటు వేసేనాటికి నడివయసుకు చేరుకున్నాడు.

2006లో ఐదు పురపాలక సంఘాలలో 122 వార్డులకు ప్రతినిధులు ఎన్నికయ్యారు. పుదుచ్చేరికి 42, ఒళుకరైకి 37, కారైకాల్‌కు 18, మాహేకు 15, యానాంకు 10. అదే సంవత్సరం అక్టోబరులో అహమ్మదాబాదుకు సంబంధించిన ఒక వ్యాజ్యంలో సుప్రీంకోర్టు, ఐదేళ్ళు నిండేలోగా స్థానిక ఎన్నికలు జరిపి తీరాలని స్పష్టం చేసింది. రాజ్యాంగపు 74వ సవరణ 1993 జూన్ 1 నుండి చెబుతున్నదీ అదే. అయినా 2011 వచ్చింది, పోయింది. 2021లో మూడు విడతల పోలింగుకు ప్రకటన వెలువడింది. రిజర్వేషన్ల కేటాయింపు మీద వివాదం రేగి మద్రాసు హైకోర్టుకు చేరగా ఆ ప్రయత్నం ఆగిపోయింది.

ఎన్నికలు వాయిదా పడినప్పుడల్లా ఒక కారణం కనిపిస్తూనే ఉంది. వార్డుల పునర్విభజన, రిజర్వేషన్లు, వ్యాజ్యాలు. ఏదీ అసత్యం కాదు. వెనుకబడిన తరగతుల వాటా న్యాయంగా తేలాలని కోరడం తప్పు కాదు. అయితే ఈ కారణాల వెనుక ఒక లెక్క ఉంది. దానిని తెలుగు పాఠకులు హైదరాబాదుతో పోల్చి చూస్తే సులభంగా గ్రహిస్తారు. 2020 డిసెంబరులో హైదరాబాదు మహానగర పాలక సంస్థకు జరిగిన ఎన్నికలలో 150 వార్డులకు సుమారు 74 లక్షల మంది ఓటర్లు. సగటున వార్డుకు 49 వేల పైచిలుకు. 2021 శాసనసభ ఎన్నికలలో పుదుచ్చేరి ఓటర్లు సుమారు పది లక్షలు, ఎన్నికయ్యే శాసనసభ్యులు 30 మంది. సగటున నియోజకవర్గానికి 33 వేలు. హైదరాబాదులో ఒక కార్పొరేటరు పరిధి కంటే పుదుచ్చేరిలో ఒక శాసనసభ్యుని పరిధి చిన్నది!

ఇంత చిన్న నియోజకవర్గంలో మురుగుకాలువ మొదలు పింఛను కాగితం వరకు ప్రతి పనికీ జనం శాసనసభ్యుని గుమ్మమే తొక్కుతారు. అటువంటి చోట వార్డు సభ్యుడు వస్తే శాసనసభ్యునికి సహాయకుడు కాడు, పోటీదారు అవుతాడు. తన పోటీదారుని తానే ఆహ్వానించే ఉత్సాహం ఏ పార్టీ నాయకునికైనా తక్కువగానే ఉంటుంది.

పారిసుకు ఓటు, వీధికి లేదు

వైట్ టౌన్‌లో మరొక వింత ఉంది. 1956 ఒప్పందం ప్రకారం ఇక్కడివారు ఆరు నెలల గడువులోగా లిఖితపూర్వకంగా కోరి ఫ్రెంచి పౌరసత్వాన్ని నిలుపుకొనవచ్చు. 1962 తరువాత కొన్ని వేలమంది అలా కోరుకున్నారు. ఫ్రెంచి సైన్యంలోను, ఇండోచైనాలోని ఉద్యోగాలలోను పనిచేసిన తమిళ కుటుంబాలు వారిలో అనేకం. వారి సంతతివారు ఫ్రాన్సు అధ్యక్షుని ఎన్నికలలో పుదుచ్చేరి నుండే ఓటు వేస్తారు. 2022 ఏప్రిల్ 10న, మళ్ళీ 24న, ఈ పట్టణంలో పోలింగు కేంద్రాలు తెరుచుకున్నాయి. వేలాది మైళ్ళ దూరాన ఎలిజే సౌధంలో ఎవరు కూర్చోవాలో చెప్పే అవకాశం వారికి క్రమం తప్పక వస్తూనే ఉంది.

ప్రక్క ఇంటి భారతీయ పౌరుడు మాత్రం తన వీధి చెత్తను ఎవరు ఎత్తించాలో చెప్పడానికి 2006 తరువాత ఓటు వేయలేదు.

సుదూరాన బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో ఇందుకు సరిగ్గా తలక్రిందులైన సమస్య. అక్కడ 22 ప్రధాన మండళ్ళు, వాటి క్రింద ఏడువందలకు పైగా పట్టణ, గ్రామ మండళ్ళు ఉన్నాయి. 2022 మేలో వాటి ఎన్నికలు జరిగినప్పుడు పదహారేళ్ళు నిండినవారు సైతం స్థానిక మండళ్ళకు మొదటిసారి ఓటు వేశారు. చట్టబద్ధంగా నివసించే విదేశీయులకు కూడా ఓటు ఉంది. అయినా చిన్న పట్టణాల వార్డులలో నిలబడేవారు చాలరు. అభ్యర్థుల సంఖ్య స్థానాల సంఖ్యను మించకపోతే పోలింగే ఉండదు. పోటీ లేకుండానే ఎన్నికైనట్లు ప్రకటిస్తారు. ఇంకా ఖాళీలు మిగిలితే మండలివారే ఎవరినో ఒకరిని చేర్చుకుంటారు. అక్కడ ఎన్నిక వస్తుంది, మనిషి రాడు. ఇక్కడ మనుషులున్నారు, ఎన్నిక రాదు.

వార్డు సభ్యుడు ఎందుకు?

కమిషనరు ఉన్నాడు, ఇంజనీరు ఉన్నాడు, శాసనసభ్యుడు ఉన్నాడు. ఇక కౌన్సిలరు లేకపోతే లోటేమిటని ఎవరైనా అడగవచ్చు. వైట్ టౌన్ వీధులే అందుకు సమాధానం చెబుతాయి. సెలవుదినాలలో ఇరుకు వీధుల నిండా వాహనాలు. నివాస గృహాలు ఒక్కొక్కటే హోటళ్ళుగా, అతిథి గృహాలుగా మారుతున్నాయి. సున్నం రాలే పాత కట్టడాలను కాపాడాలా, కూల్చి కట్టాలా అన్న ప్రశ్న ఎప్పుడూ సజీవమే. యాత్రికుని సొమ్ము పట్టణానికి అవసరం. ఇంటివాని నిద్ర కూడా అవసరమే. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడ గీయాలన్నది సాంకేతిక విషయం కాదు. అది ఇరుగుపొరుగు కూర్చుని, వాదించుకుని, చివరకు చేతులెత్తి తేల్చుకోవలసిన విషయం. అధికారి దానిమీద ఉత్తర్వు జారీ చేయగలడు. కాని ఆ ఉత్తర్వు నచ్చనివాడు ఐదేళ్ళకొకసారి ఆ అధికారిని దించివేయలేడు.

పాత మేరీ భవనం ఒక్క రాత్రిలో కూలలేదు. ఏళ్ళ తరబడి గోడలు తడిశాయి, పగుళ్ళు సాగాయి. ఆ తరువాతనే ఒక వాన దానిని పడగొట్టింది. స్థానిక స్వపరిపాలన కూడా అదే తీరున శిథిలమవుతుంది. ఒక వాయిదా ఎవరికీ పట్టదు, రెండవది అలవాటవుతుంది, మూడవదానికి ఓటరే తన హక్కును మరిచిపోతాడు. రాతి భవనాన్ని 15 కోట్లతో మళ్ళీ కట్టడం సాధ్యమైంది. ఓటు వేసే అలవాటు తప్పిన ఊరికి ఆ అలవాటును తిరిగి నేర్పడానికి నిధులు చాలవు. అందుకు కావలసినది ఒక తేదీ, ఒక ఓటర్ల జాబితా, ఒక పోలింగు పెట్టె. కీళూరులో 178 మందికి ఆనాడు అంతకంటే ఎక్కువేమీ అవసరం కాలేదు.