‘సారీ’ అంటే తప్పు నాదని కాదు!

కాలేజీ మెట్ల మీద మీ కాలు జారింది. పక్కనే ఉన్న నైజీరియా క్లాస్‌మేట్ వెంటనే ‘సారీ’ అన్నాడు. ‘ఇతనేం చేశాడని సారీ చెబుతున్నాడు?’ అని మీకు డౌట్. నిజానికి అతను అడిగింది ‘అయ్యో, దెబ్బ తగిలిందా?’ అని!

ఎదుటివాళ్లు బాధలో ఉంటే యొరుబాలో ‘పెలె’ అంటారు, ఇగ్బోలో ‘న్డో’, హౌసాలో ‘సన్నూ’. ఇంగ్లిష్‌లోకి వచ్చేసరికి ఈ మూడూ ‘సారీ’ అయిపోయాయి. మాట ఇంగ్లిషే, మనసు మాత్రం సొంత భాషది.

అలాంటిదే ఇంకోటి. ‘అయామ్ కమింగ్’ అంటూ లేచి బయటికి వెళ్లిపోతారు. వస్తానని వెళ్తున్నాడేంటి అనుకోకండి. ‘ఇప్పుడే వస్తా’ అని దానర్థం. మనం మాత్రం? బయల్దేరేటప్పుడు ‘వెళ్తా’ అంటే ఇంట్లో పెద్దవాళ్లు ఊరుకుంటారా? ‘వెళ్లొస్తా’ అనాల్సిందే కదా.

ముందు పలకరింపు... తర్వాతే పని

నైజీరియాలో 500కు పైగా భాషలున్నాయి. కాబట్టి అందరి పద్ధతీ ఒకటే అనుకోకూడదు. కానీ పలకరింపుకి ఇచ్చే విలువ చాలాచోట్ల కనిపిస్తుంది. యొరుబాలో పొద్దున్నకి ఒక పలకరింపు, సాయంత్రానికి ఒకటి. పని చేసుకుంటున్న మనిషి కనిపిస్తే ‘ఎ కు ఇషే’ అంటారు. ‘కష్టపడుతున్నారు’ అని గుర్తించడమన్నమాట. అందుకే అక్కడ ఇంగ్లిష్‌లోనూ ‘వెల్‌డన్’ అనేది మెచ్చుకోలు మాత్రమే కాదు, పలకరింపు కూడా.

పెద్దల విషయంలో ఇంకాస్త జాగ్రత్త. మనకు ‘నువ్వు’, ‘మీరు’ ఉన్నట్టే యొరుబాలో తోటివాళ్లకి ‘ఓ’, పెద్దవాళ్లకి ‘ఎ’. సంప్రదాయం ప్రకారం పెద్దల ముందు అబ్బాయిలు సాష్టాంగపడతారు, అమ్మాయిలు మోకాళ్లపై కూర్చుంటారు. ఇప్పటి కుర్రాళ్లు చాలామంది కాస్త వంగి సరిపెట్టేస్తున్నారు. ఎడమ చేత్తో ఏదైనా ఇస్తే మాత్రం మనింట్లోలాగే మొహం చిట్లిస్తారు!

అందరినీ కలిపే పిడ్జిన్

మరి ఇన్ని భాషలవాళ్లు ఒకరితో ఒకరు ఎలా మాట్లాడుకుంటారు? స్కూల్లో, ఆఫీసులో ఇంగ్లిష్. బస్‌స్టాప్‌లో, మార్కెట్‌లో పిడ్జిన్. అందులో ‘హౌ ఫార్?’ అంటే ‘ఎంత దూరం?’ కాదు, ‘ఏంటి సంగతులు?’ అని. ‘నో వహాలా’ అంటే ‘ఏం పర్లేదు’. 2017లో బీబీసీ ఏకంగా పిడ్జిన్‌లో వార్తల సర్వీసే మొదలుపెట్టింది. ఇంకో సరదా మాట ‘వజోబియా’. యొరుబాలో ‘వా’, హౌసాలో ‘జో’, ఇగ్బోలో ‘బియా’... మూడింటికీ అర్థం ఒక్కటే, ‘రా’!

ఇదంతా మనకెందుకంటారా? హైదరాబాద్‌లో చదువుకోడానికి వచ్చే విదేశీ విద్యార్థుల్లో నైజీరియన్లూ ఉన్నారు. ఆన్‌లైన్ టీముల్లోనూ తగులుతుంటారు. ఇద్దరికీ ఇంగ్లిష్ వచ్చు కాబట్టి అంతా అర్థమైపోయిందనుకుంటాం. చిక్కంతా అక్కడే. పలకరింపు లేకుండా ‘నోట్స్ పంపు’ అని మెసేజ్ కొడితే మనకది టైమ్ సేవ్ చేయడం. అవతలివాళ్లకి ‘నన్ను మనిషిగా చూడలేదు’ అనిపించొచ్చు. అలా ఒకటి రెండుసార్లు జరిగితే వాళ్లు దూరం జరుగుతారు. మనమేమో ‘వాళ్లు కలవరు’ అని ముద్ర వేసేస్తాం.

దీనికి పెద్ద కోర్సులేం అక్కర్లేదు. ఈసారి మెసేజ్ పెట్టేటప్పుడు ముందు ‘గుడ్ మార్నింగ్, ఎలా ఉన్నావ్?’ అనండి. జవాబు వచ్చాకే నోట్స్ సంగతి ఎత్తండి.