పాటతోపాటు పేరూ ప్రయాణించాలి

రాజంపేట పక్కనున్న తాళ్లపాకలో పుట్టిన అన్నమయ్య (1408–1503) 32,000 సంకీర్తనలు రాశాడని ప్రతీతి. రాగిరేకులపై చెక్కించి తిరుమల ఆలయంలో భద్రపరిచినవాటిలో మనకు దక్కినవి సుమారు 14,000. ఆ రేకుల మీద రాగం పేరు ఉంది గానీ స్వరాలు లేవు. అంటే మనం నేడు వింటున్న వరుసల్లో చాలావాటిని రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ వంటివారు కట్టారు. యూట్యూబ్‌లో పాట పెట్టేవారు ఈ పేర్లను తరచూ వదిలేస్తారు. నా దృష్టిలో అది సగం ప్రచారమే. రాగం, వరుస కట్టినవారు, పాడినవారు, పక్కవాద్యాలవారు, వీలైతే సాహిత్యం మొత్తం తెలుగులోనే కింద రాయాలి. గూగుల్‌లో వెతికేవారికి దొరికేది రాసి ఉన్న మాటే.

పాట బాగుంటే చాలదా, పేర్లెందుకు అని అడగవచ్చు. భక్తితో వినేవారికి అక్కర్లేకపోవచ్చు. కానీ కళాకారుడికి మరో ఊరి నుంచి కచేరీకి పిలుపు రావాలంటే ఆ పేరు కనబడాలి కదా! ఇది వ్యాపారమంటే నేనొప్పుకోను, చేసిన పనికి దక్కాల్సిన గుర్తింపు ఇది. రాయలసీమ పల్లెల్లోని చెక్కభజన బృందాలకైతే ఈ అవసరం మరీ ఎక్కువ. వారి పాటలను ఏ రాగిరేకూ దాచలేదు. ఫోన్‌లో తీసిన వీడియో కింద గురువు పేరు, ఊరి పేరు రాయడానికి రెండు నిమిషాలు చాలు.