పొట్టును పీల్చు పంకాకు ఎంత మోటారు కావలెను?

ఇంటి వెనుక షెడ్డులో వడ్రంగము చేసికొను మిత్రుడొకడు రంపపు బల్లకు ధూళిని పీల్చు బ్లోయరు నొకదానిని అమర్చెను. అది చాలినంత పీల్చుట లేదని, ఒక అశ్వశక్తి మోటారును తీసివేసి రెండు అశ్వశక్తుల మోటారును బిగించెను. పొట్టు మాత్రము ఎప్పటివలెనే బల్లక్రింద మిగులుచుండెను. డబ్బు పోయినది గాని ధూళి పోలేదు.

కంటికి కనబడు పొట్టును చీపురుతో ఊడ్చివేయవచ్చును. భయపడవలసినది కనబడని ధూళికి. మిల్లీమీటరులో రెండు మూడు వేలవ వంతులుండు రేణువులు గంటలతరబడి గాలిలో తేలుచు ఊపిరితిత్తులలోనికి పోవును. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో చెక్కధూళిని మానవులకు క్యాన్సరు కలిగించు పదార్థముగా వర్గీకరించినది. కావున ధూళిని పుట్టినచోటనే పట్టవలెను.

ఎంత శక్తి కావలెనో లెక్కించి చూతము. పొట్టు గొట్టములో పేరుకొనక కొట్టుకొనిపోవుటకు గాలి వేగము సెకండునకు సుమారు 20 మీటర్లుండవలెను. 10 సెం.మీ. వ్యాసముగల గొట్టములో ఆ వేగమునకు సెకండునకు 0.157 ఘనపు మీటర్ల గాలి పోవును. గొట్టము, వంపులు, వడపోత సంచి కలిసి 15 సెం.మీ. నీటి ఎత్తుకు సమానమైన పీడనమును, అనగా సుమారు 1,500 పాస్కళ్ళను, హరించుననుకొందము. ఈ రెండింటి లబ్ధము సుమారు 235 వాట్లు. పంకా దక్షత నూటికి 50 అయినను 470 వాట్లు చాలును. అశ్వశక్తి యనగా 746 వాట్లు గదా! మా మిత్రుని మొదటి మోటారే ఎక్కువ.

మరి లోపమెక్కడ? మన 50 సైకిళ్ళ విద్యుత్తుపై రెండు ధ్రువముల ఇండక్షన్ మోటారు, ఒక అశ్వశక్తిదైనను రెండింటిదైనను, నిమిషమునకు ఇంచుమించు 2,900 చుట్లే తిరుగును. రెక్కల చక్రము మారలేదు, వేగము మారలేదు, గొట్టము మారలేదు. ఇక గాలి ఎట్లు పెరుగును? మోటారు, పంకా అడిగినంత శక్తినే ఇచ్చును. వేగమును పెంచినచో గాలి పెరుగును గాని, శక్తి వేగముయొక్క ఘనమును బట్టి పెరుగును: నూటికి 20 వంతులు వేగము హెచ్చిన, శక్తి నూటికి 73 వంతులు హెచ్చును.

వెదకి చూడగా రంపమువద్ద 6 సెం.మీ. గొట్టము, అదియు ముడుతలుగలది, మూడు మీటర్ల పొడవున కనబడినది. ఒకే పరిమాణము గాలి పోవునపుడు ఘర్షణవలన కలుగు పీడననష్టము వ్యాసముయొక్క అయిదవ ఘాతమునకు విలోమముగా నుండును. 10కి బదులు 6 అనగా దాదాపు 13 రెట్లు! ఆ గొట్టమును తీసి, నున్నని 10 సెం.మీ. గొట్టమును రంపము వరకు తెచ్చి, బల్లక్రింది రంధ్రమును వెడల్పు చేయగా పాత మోటారుతోనే పొట్టు పోయినది.

విద్యార్థులకు వింతగా తోచు సంగతి ఇంకొకటి. ఇట్టి బ్లోయరు నోరు మూసినచో మోటారు తీసికొను విద్యుత్తు తగ్గును. గొట్టమే లేక తెరచి విడిచినచో పెరిగి, మోటారు వేడెక్కవచ్చును. ఇంటి వాక్యూమ్ క్లీనరు గొట్టమును ఒక్క క్షణము అరచేతితో మూసి చూడుడు. కూత హెచ్చును. నెట్టవలసిన గాలి లేక మోటారు భారము తగ్గి వేగముగా తిరుగుటయే దానికి కారణము.

కొనునపుడు కంపెనీల జాబితాలలోని పెద్ద అంకెలను చూచి మోసపోరాదు. అత్యధిక ప్రవాహము గొట్టము లేనపుడు, అత్యధిక పీడనము గాలి కదలనపుడు వచ్చునవి. ఆ రెండును ఒక్కసారి దొరకవు. సంచి నేతగుండా సన్నని ధూళి తిరిగి వచ్చును గనుక, మిత్రుడు ఇప్పుడు బ్లోయరును షెడ్డు బయట, చూరుక్రింద ఉంచినాడు.